శనివారం విమానం

ఇంకా గంట పైనే ఉంది, నాలుగింటికి గదా పెదనాన్న ట్రంకాల్ చేస్తానన్నది, చెప్పాల్సింది ఒక్క ముక్క, రెండు టిక్కెట్లూ వాపసు ఇచ్చెయ్ పెదనాన్నా అని, అంతే, ఆ ఒక్క ముక్కా పొద్దుటి నించీ నోట్లో వక్కలాగా ఈ దవడకీ ఆ దవడకీ దొర్లుతూనే ఉంది, నమలబుద్ధి కాదు, ఉమ్మేయబుద్ధి కాదు, అనుకుంటూ శివపార్వతి కిటికీ చువ్వకి చెంప ఆనించింది, బయట ఎండ మండుతున్నా చువ్వ చల్లగా ఉంది, అది వేడెక్కగానే పక్క చువ్వకి జరిగింది, అదీ చల్లనే, మొత్తం ఏడు చువ్వలు, చువ్వకో నిమిషం అనుకున్నా ఏడు నిమిషాల సుఖం, దానికే నవ్వొచ్చింది ఆమెకి, గుంటూరు కాలేజీలో ఉన్నప్పుడు కూడా ఇంతే, వసంతలక్ష్మి అనేది, నీకు సంతోషించడానికి కారణం అక్కర్లేదే పార్వతీ, కాస్త సందు దొరికితే చాలు అని, ఇప్పుడా వసంతలక్ష్మి మద్రాసులో కాపురం పెట్టింది, సోమవారం మేమిద్దరం వస్తున్నాం, మా ఆయన్ని చూసి నవ్వావంటే ఊరుకోను అని ఉత్తరం రాసింది తను, సోమవారం పోయింది, ఇవాళ బుధవారం, పెదనాన్న ఆమెకి కూడా టెలిగ్రాం ఇచ్చాడో లేదో, పాపం విమానాశ్రయానికి వెళ్ళి మెడ ఎత్తి చూసి చూసి ఇంటికి పోయి ఉంటుంది, అనుకునేసరికి నవ్వు అక్కడే ఆగింది, చువ్వలు లెక్కపెట్టడం అవతలికి పోలేనివాళ్ళు చేసే పని గదా అని తట్టింది, చెంప తీసేసింది.

ఆదివారం మధ్యాహ్నం మస్కి బస్సు దిగి ఈ రాయచూరు గంజ్‌లో, తమ వడ్లు కొనే ఈ రామలింగయ్య షావుకారు ధాన్యం దుకాణం ముందుకొచ్చి నిలబడినప్పుడు ఆమె కాళ్ళు నేలమీద లేవు, రాత్రి బస్సుకి హైదరాబాదు, పొద్దున్నే బేగంపేటలో విమానం, ఎండెక్కేలోపల మద్రాసు, బుధవారం మళ్ళీ విమానంలోనే వెనక్కి, వడ్ల బస్తాలు లేని, కూలీల కేకలు లేని, గుమ్మానికడ్డంగా అత్తగారి మంచం లేని మూడు రోజులు, పెళ్ళయి మూడు నెలలైతే అందులో మొగుడూ పెళ్ళాలకి సొంతంగా దొరికిన మొట్టమొదటి మూడు రోజులు, నువ్వు బి.ఏ. పాసవ్వు, నిన్ను విమానం ఎక్కిస్తానని హైదరాబాదులో ఉద్యోగం చేసే శేషయ్య పెదనాన్న ఎప్పుడో ఆడిన మాటకి కట్టుబడి పెళ్ళికానుకగా ఇచ్చిన రెండు టిక్కెట్లు, ఆయన పేరుతో ఒకటి, తన పేరుతో ఒకటి, ఆయన పేరు యలమందయ్య, కోటప్పకొండ దేవుడికి మొక్కుకుంటే పుట్టాడని అత్తగారు పెట్టిన పేరు, పైకి పలకకూడదు గనక మనసులో కూడా ఆయనే, ఆ పేరు టిక్కెట్టు మీద ఇంగ్లీషులో ఎంత పొడుగ్గా ఉందో, గీతలోంచి బయటికొచ్చి పక్క గడిలోకి పాకింది, పెదనాన్న తీసుకుని తన దగ్గర దాచుకునేలోపల ఎన్నిసార్లు చూసిందో, షావుకారు మెత్తమీద నించి లేవకుండానే చెయ్యి చాచి టెలిగ్రాం ఇచ్చాడు, ఆయన అందుకుని, ఇంగ్లీషు గదా, ఆమె చేతికిచ్చాడు, ఆమె అంతమంది మగవాళ్ళ ముందు గొంతు సవరించుకుని గడగడా చదివేసింది, చదువుతున్నంతసేపూ చదవగలుగుతున్నానన్న సంబరమే, తెలుగులో చెప్పబోయేసరికి గానీ అర్థం తలకెక్కలేదు, సోమవారం విమానం లేదట, బుధవారమట, తిరుగు ప్రయాణం శుక్రవారమట, విమాన కంపెనీవాళ్ళు మార్చారట, ఎందుకో రాయలేదు, దానికేముంది, రెండ్రోజులాగి పోతారు, మా ఇంట్ల లేవా జాగలు, అన్నాడు షావుకారు, ఆగక చేసేదీ లేదు, పెదనాన్నగారింట్లో కూతురి పురుడు, మైల తీరేదాకా కొత్త దంపతులు అక్కడ దిగడానికి వీల్లేదు, మరి వెనక్కి, మస్కి అవతల కాలువకింద ఆంధ్రా రైతులు కట్టుకున్న తమ క్యాంపుకి పోదామంటే ఆ తలుపు వేసుకున్నది తనే.

ఎవరినీ అనడానికి లేదు, అదే బాధ, అత్తగారు వెంకటరత్నమ్మ మంచి మాటే చెప్పింది, అమ్మాయ్, బుధవారం విమానం దిగి గురువారానికి ఇంటికొచ్చెయ్యండి, శనివారం నించి ఆషాఢం, ఈలోగా చీరా సారే పెట్టి నిన్ను మీ పుట్టింటికి సాగనంపుతాను, నెల తిరిగి శ్రావణం రాగానే తీసుకొచ్చుకుంటాం అంది, దానికి తను చేసిన తెలివైన పని ఏమిటంటే, అత్తయ్యా, రెండు సాగనంపులెందుకు, ఇప్పుడే ఒకటిగా చేసెయ్యండి, మా తమ్ముడు బాపయ్య హైదరాబాదుకే వచ్చి అటునించటే తెనాలి తీసుకుపోతాడు అని నోరు జారడం, ఎందుకంటే బస్సుల్లో పోయే గురువారం కాస్తా మిగుల్తుంది, ఆ ఒక్క రోజూ ఆయనతో చార్మినారు చూడొచ్చు, ఆయన చొక్కా జేబులో రుమాలు తను ఇస్త్రీ చేసి పెట్టినట్టే మడత చెదరకుండా ఉంటుంది, ఎవరూ ఏవయ్యా తూము దగ్గర గండి పడిందంట అని పిలవరు, అత్తగారు కాసేపు ఆలోచించి, పంచాంగం చెప్పే ముసలాయన్ని అడిగొచ్చి, సరేనంది, ఒళ్ళో బియ్యం పోసింది, ఆకుపచ్చ చీర పెట్టింది, గుమ్మం దాటించి, బొట్టు సరిచేసి, ఇక శ్రావణంలోనే నువ్వీ గడప తొక్కడం, ఈలోపల తొక్కితే నాకూ నీకూ మంచిది కాదు, తెలిసిందా అంది, తెలిసిందత్తయ్యా అంటూ బడి వదిలిన పిల్లలాగా పరిగెత్తింది బస్సు దగ్గరికి, ఒక్క రోజు మిగుల్చుకుందామని ఇల్లే పోగొట్టుకున్నాను అనుకుంది ఇప్పుడు, శ్రావణందాకా ఇంటికి కోడలు కాదు, విమానం లేదు గనక ప్రయాణికురాలూ కాదు, గంజ్‌లో మేడమీద, తాళం వెయ్యని గదిలో, తలుపు తీసే ఉన్నా ఎక్కడికీ పోలేని మనిషి.

పోనీ ఆదివారం, సోమవారం, మంగళవారం ఆయన ఇక్కడే ఉన్నాడు గదా అంటే, ఉన్నాడు, కింద ఉన్నాడు, మగవాళ్ళు దుకాణం అరుగుమీద, ఆడవాళ్ళు మేడమీద, షావుకారు భార్య కన్యకమ్మ ఎంత మంచి మనిషో అంత పద్ధతైన మనిషి, ఆయన గొంతు మెట్లమీదుగా వినపడుతుంది, మనిషి కనపడడు, ఆ గొంతు కూడా క్యాంపు నించి వచ్చిన రైతులతో కాలువ గురించే, ఎగువవాళ్ళు ఈసారి ఎన్ని రోజులు ముందు నాటుతారు, నీళ్ళొదిలేది గురువారమా శుక్రవారమా, సోమవారం ఒక్కరోజు, అందరూ భోజనాలు చేసి పడుకున్నాక, ఆయన మెట్ల మధ్య మలుపు దగ్గరికొచ్చి కాగితం పొట్లం పట్టుకుని నిలబడ్డాడు, మండక్కీ అని ఇక్కడివాళ్ళనే మరమరాలు, మిరపకాయ బజ్జీలు, ఇద్దరూ ఒకే మెట్టుమీద కూచున్నారు, ఇరుకు మెట్టు, భుజం తగిలింది, తగిలినా ఎవరూ జరగలేదు, ఆయన వరసగా ఎనిమిది బజ్జీలు తిన్నాడు, కళ్ళల్లో నీళ్ళొస్తుంటే అవి కారానికి కాదన్నట్టు గోడకేసి చూశాడు, ఆమె నవ్వాపుకోలేక పైటకొంగు నోట్లో కుక్కుకుంది, అప్పుడడిగాడు, విమానంలో నించి చూస్తే మన కాలువ కనపడుద్దంటావా, ఆ విమానం ఇటు రాదు, హైదరాబాదు నించి అటే మద్రాసు పోతుంది, భూగోళంలో ఫస్టు మార్కులు తెచ్చుకున్న మనిషికి ఆ మాత్రం తెలుసు, అయినా కనపడుతుందేమో చూద్దాం అంది, వెండి తీగలాగా ఉంటుందేమో అంది, ఆయన మండక్కీ నమలడం ఆపి అచ్చం ఆ తీగని చూస్తున్నట్టే చూశాడు, నీకు దాహమేస్తే పైన మంచినీళ్ళెవరిస్తారు అని కూడా అడిగాడు, అరగంట, మూడు నెలల్లో మొత్తం కలిపితే అదొక్క అరగంట, ఏం మాట్లాడుకున్నామని చెప్పుకోవడానికి కూడా ఏమీ లేదు, కానీ తను అప్పుడనుకుంది, భూమ్మీద మెట్టుమీదే ఇంత బావుంటే ఆకాశంలో పక్కపక్కన రెండు కుర్చీల్లో ఎంత బావుంటుందో, ఎవరూ పిలవలేని ఎత్తులో, లేచిపోవడానికి ఆయనకి దోవే లేని చోట, అవును, అదే తనకి కావలసింది, ఆయన లేచిపోలేని చోటు.

నిన్న రెండో టెలిగ్రాం వచ్చింది, ఈసారి పైకి చదవలేదు, కళ్ళతో చదివి ఆయన ముఖంలోకి చూసింది, బుధవారం విమానమూ లేదు, శనివారం పొద్దున ఆరున్నరకి, తిరుగు ప్రయాణం సోమవారం, ఆ తర్వాత మార్పులుండవు, బుధవారం నాలుగు గంటలకి ఫోన్ చేస్తాను, వస్తారో రారో చెప్పండి అని పెదనాన్న, శనివారమంటే ఆషాఢ శుద్ధ పాడ్యమి, విమాన కంపెనీవాళ్ళకి పాడ్యమి తెలీదు, తెలిస్తే మాత్రం మారుస్తారా, శుక్రవారం అమావాస్యతో కొత్త దంపతులకి కలిసి ఉండే గడువు సరి, అదే పూట కాలువ ఆఫీసు నించి ఎవరో కబురు తెచ్చారు, గురువారం తెల్లారేసరికి లస్కరు గేట్లెత్తుతాడని, మన క్యాంపు పిల్లకాలువ చివర, మొదటి నీళ్ళకి తూము దగ్గర మనిషి లేకపోతే పైవాళ్ళు మళ్ళించుకుంటారు, నారుమడి ఎండుతుంది, మామగారు లేరు, ఆయన ఒక్కడే కొడుకు, ఇవన్నీ ఆయన చెప్పలేదు, చెప్పక్కర్లేదు, ఇవాళ పొద్దున చేతిసంచి భుజాన తగిలించుకుని మెట్లకింద నిలబడి పైకి చూశాడు, కన్యకమ్మ అక్కడే ఉందని గొంతు తగ్గించి, విమానం ఎక్కడికి పోద్ది, వచ్చే వేసవిలో ఎక్కుదాంలే, పెదనాన్నగారితో రెండూ వాపసు ఇచ్చెయ్యమని చెప్పు, బాపయ్యని శుక్రవారం ఇక్కడికే రమ్మన్నాను, జాగ్రత్తగా వెళ్ళు, అన్నాడు, ఆమె తలూపింది, బజారు మలుపు దాకా ఆయన వెనక్కి తిరిగి చూస్తూనే పోయాడు, రిక్షా తగలబోతే పక్కకి తప్పుకుని మళ్ళీ చూశాడు, ఆ చూపుకి సంతోషించాలో ఆ పోవడానికి ఏడవాలో తెలీక ఆమె రెండూ చెయ్యలేదు.

ఏంది బిడ్డా గిట్ల కిటికీ పట్టుకోని నిలవడ్డవ్, అన్నం గూడ సగం ఇడిచిపెడితివి, అంటూ కన్యకమ్మ చేటనిండా కందిపప్పు తీసుకొచ్చి పక్కన కూచుని రాళ్ళేరడం మొదలుపెట్టింది, నువ్వేమో ఇటు పొయ్యేదానికి లేదు, అటు పొయ్యేదానికి లేదు, నడుమిట్ల ఉన్నవ్, నేనూ ఉంటి గట్ల, మా పెండ్లయిన ఏడు, మా అమ్మగారింట్ల అందరికి జెరాలు, రావద్దని కబురు పంపితే నెలంతా మా మేనత్త ఇంట్ల కూసోని వక్కలు కత్తిరిస్తి, ఫికర్ చెయ్యకు, ముప్పై దినాలు ఎంతసేపు, అని నవ్వింది, వచ్చే వేసవికి విమానం ఎక్కుతాంలెండి అంది శివపార్వతి, తన గొంతు తనకే ఆయన గొంతులాగా వినపడింది, కన్యకమ్మ ఒక రాయి తీసి కిటికీలోంచి విసిరేసి, వచ్చే ఎండకాలానికి నీ ఒడిల ఒకడుంటడు, విమానం ఏంది, మస్కి సంతకు పొయ్యొస్తే గొప్ప, అంది, ప్రేమగానే అంది, ఆ ప్రేమకి గదిలో గాలి తగ్గినట్టయింది, తనూ చేట దగ్గర కూచుని ఒక రాయి తీసింది, ఐదింటికి మస్కికి ఇంకో బస్సుంది, ఎక్కేస్తే, చీకటి పడ్డ కాసేపటికి క్యాంపు, అత్తగారు తిట్టదు, ఇంట్లోకి రానివ్వదు అంతే, ఎదురింటి యంకమ్మగారి వసారాలో మంచం వేయిస్తుంది, అక్కణ్ణించి తమ ఇంటి గుమ్మం కనపడుతుంది, ఆయన పలుగూ పారా భుజాన వేసుకుని పోవడం కనపడుతుంది, శుక్రవారం దాకా కనపడుతుంది, కనపడుతుందే గానీ, పోనీ బాపయ్య వచ్చేదాకా ఇక్కడే ఉండి, గుంతకల్ మీదుగా రైలెక్కి, తెనాలిలో దిగి, అమ్మ తులసమ్మ అడుగుతుంది, ఏమే మీ విమానం అని, ఊళ్ళో అందరికీ చెప్పేసి ఉంటుంది, పెరట్లో అరుగుమీద కూచుని నెలరోజులు, రేడియో వింటూ, గోరింటాకు పెట్టుకుంటూ, మళ్ళీ తీసుకుపోతే వెళ్ళి, ఎవరో ఒకరు వచ్చి తీసుకుపోతేనే కదలడం, తనవైపు రాళ్ళు రెండే దొరికాయి, పప్పు బాగున్నట్టుంది.

కన్యకమ్మ చెబుతూనే ఉంది, ఆమెకి ఆషాఢం సంగతులన్నీ కంఠతా వచ్చు, కొత్త కోడలు అత్త గడప తొక్కొద్దు, అల్లుడు మామ గడప తొక్కొద్దు, పెండ్లాం మొగుడు ఒక్కతాన ఉండొద్దు, ఒక్క విస్తర్ల తినొద్దు, ఒక్క బండిల పోవద్దు, ఒక్కోటి చెప్పి ఒక్కో రాయి విసురుతోంది, పరీక్షకి ముందు ప్రశ్నలు గుర్తుపెట్టుకున్నట్టు శివపార్వతి పెదాలతో వెంబడి అనుకుంటూ పోయింది, గడప, విస్తరి, బండి, మరి విమానం బండేగా, ఇద్దరూ ఒక్క బండిలో పోకూడదు, సరే, ఇంకేమున్నాయి పిన్నిగారూ అనడిగింది, గింతే, ఇంకేముంటయి, అంది కన్యకమ్మ, అన్నీ ఇద్దరి గురించేగా అంది తను, ఇద్దరుంటేనె గద బిడ్డా తంటా, ఒక్కరుంటె ఏముంది, అని కన్యకమ్మ చేట చెరగడానికి లేచింది, ఆ చెరిగే చప్పుడు, కిందనించి బస్తాల మీద గోనెవాసన, బయట ఎవరిదో సైకిలు గంట, వీటన్నిటి మధ్యా శివపార్వతి చేతిలో రాయి పట్టుకుని అలాగే ఉండిపోయింది, ఇద్దరూ, ఇద్దరూ, ఇద్దరూ, మూడు నెలల నించి ఏం తలుచుకున్నా ఇద్దరం అనే తలుచుకుంది, తప్పేం లేదు, ఇష్టంగానే తలుచుకుంది, ఇప్పుడు కూడా ఆయన లేకుండా మేఘాల సంగతి ఆలోచిస్తే మెట్టుమీద తగిలిన భుజం గుర్తొస్తోంది, వెళ్ళినా ఆ పక్క కుర్చీ ఖాళీగానే ఉంటుంది, లేదా ఎవడో పేపరు చదువుకునే పెద్దమనిషి కూచుంటాడు, సరదా అంతా అందులోనే పోతుంది, సగం పోతుంది, మిగతా సగమో, పైగా మద్రాసు నించి తెనాలికి మెయిలు రైలు ఉంది గదా, ఎటు తిరిగినా ఆషాఢంలో తను చేరాల్సింది పుట్టిల్లు, గుంతకల్ మీదుగా పోతే ఏమిటి, మద్రాసు మీదుగా పోతే ఏమిటి, రెండూ పుట్టింటికి దోవలే.

శివపార్వతమ్మా, హైదరాబాద్ ఫోన్, అని కిందనించి షావుకారు కేక వేశాడు, నాలుగింటికి ఇంకా పది నిమిషాలుంది, అన్నీ ఆలస్యం చేసే హైదరాబాదు ఇదొక్కటి ముందే చేసింది, ఆమె మెట్లు దిగింది, మలుపు దగ్గర ఆగలేదు, దుకాణంలో మగవాళ్ళు నలుగురూ పక్కకి జరిగి దారిచ్చారు, గొట్టంలో ముందు హోరు, తర్వాత పెదనాన్న, చాలా దూరం నించి, పంచె సర్దుకుంటూ మాట్లాడుతున్నట్టు, ఏమ్మా, ఆషాఢం గదా, మీవాళ్ళు వెళ్ళొద్దనే అని ఉంటారు, రెండూ వాపసేనా, ఆమె నోట్లో వక్క అటు దొర్లి ఇటు దొర్లి ఒక చోట ఆగింది, ఒకటే పెదనాన్నా, ఆయనది, నాది ఉంచు అంది, హోరు, వినపడలేదేమో అని మళ్ళీ గట్టిగా అంది, నాది ఉంచు, శనివారం పొద్దున, శుక్రవారం తమ్ముడొస్తాడు, రాత్రి బస్సుకి హైదరాబాదు తీసుకొచ్చి బేగంపేటలో దించుతాడు, దించి వాడు రైల్లో తెనాలి పోతాడు, నేను మద్రాసులో వసంతలక్ష్మి ఇంట్లో ఒక పూట ఉండి, తిరుగు విమానం వదిలేసి మెయిలెక్కుతాను, ఒక్కదానివా, ఒక్కదాన్నే, పోనీ వాడికిద్దామా ఆ రెండో టిక్కెట్టు, అన్నాడాయన, కుదరదు గదా పెదనాన్నా, దానిమీద పేరు రాసుంది, మూడు నిమిషాలవుతున్నాయని మధ్యలో టెలిఫోను పిల్ల చెప్పింది, మీ ఆయన ఏమంటాడమ్మా అన్నాడు పెదనాన్న, ఆ ఒక్కటే ఆమెకి తెలియదు, ఏమంటాడు, ఇవాళ క్యాంపుకి పోయే లారీ డ్రైవరు చేతికి ఉత్తరం రాసిస్తే రేపు తూము దగ్గర బురద చేతులతో అందుకుంటాడు, రెండుసార్లు చదువుతాడు, కోపం వస్తుందో రాదో, వచ్చినా నెలరోజులు ఆయన తన ఎదురుగా లేడు, ఉత్తరంలో కోప్పడాలి, ఉత్తరంలోనే నేను సమాధానం చెప్పుకోవాలి, చెప్పుకుంటాను, ఇది మిమ్మల్ని వదిలి పోవడం కాదని రాస్తాను, మీరు పక్కనుంటే బాగుండేదని కూడా రాస్తాను, రెండూ నిజమే, ఉంచమంటావా మరి, అన్నాడు పెదనాన్న, ఉంచు అంది, గొట్టం పెట్టేసింది, షావుకారు కలం ఆపి ఆమెకేసి చూస్తున్నాడు, మిగతావాళ్ళు ఆమెకేసి చూడకుండా చూస్తున్నారు, భయమో సంబరమో ఆమెకి వేరు చెయ్యడం కుదరడం లేదు, అయినా ఒక్కటి మాత్రం ఏరిన పప్పులాగా తేటగా ఉంది మనసులో, ఈ నెల విడిగా ఉండమన్నారు, అంతే, కదలొద్దని ఎవరూ అనలేదు.